గడప లోపలి ఆటలు

'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అనే సామెత మనందరికీ తెలుసు. బలవంతుడి సరదా బలహీనుడి ప్రాణం మీదికి వస్తుందని చెప్పడానికి దాన్ని వాడతాం. ఎలుక పక్షాన నిలబడటం న్యాయమే. కానీ ఆ సామెత పిల్లి గురించి కూడా ఒక మాట చెబుతోంది. పిల్లి ఆడుతుంది. మన సామెతల్లో ఎద్దు దున్నుతుంది, గాడిద మోస్తుంది, కుక్క కాపలా కాస్తుంది. ఆడుకునే జంతువుగా పేరు తెచ్చుకున్నది పిల్లే. మరి వేటాడటానికి ఎలుకా, తిరగడానికి పెరడూ లేని చోట దాన్ని ఉంచితే ఏ ఆట మిగులుతుంది?

హైదరాబాదులో నాలుగో అంతస్తు ఫ్లాటులో పిల్లిని పెంచుతున్న మనిషిగా ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంది. స్త్రీల చరిత్ర చదువుకున్నదానిగా ఇదే ప్రశ్న ఇంకో వైపు నుంచి కూడా ఎదురవుతుంది. లోపల ఉంచబడిన ప్రాణి పొద్దు ఎలా గడుపుతుంది, చుట్టూ ఉన్న చిల్లర సామాను దానికి ఎలా పనికొస్తుంది అనేవి ఆడవాళ్ళ చరిత్రలో చాలా పాత విషయాలు. వాటిని చరిత్రగా చూడటం మాత్రం మనకింకా పూర్తిగా అలవాటు కాలేదు.

ముందు మన వంటింటి నుంచే మొదలుపెడదాం. తెలుగు వంటింట్లో పిల్లి కోసం పుట్టిన వస్తువేదైనా ఉందంటే అది ఉట్టి. అది పిల్లికి ఇవ్వడానికి పుట్టలేదు, దానికి అందకుండా చేయడానికి పుట్టింది. తాడుతో అల్లి, దూలానికి కట్టి, పాలూ పెరుగూ వెన్నా అందులో పెట్టేవాళ్ళు. పిల్లి శాపాలకు ఉట్లు తెగిపడవని సామెత కూడా వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. గాల్లో వేలాడుతూ, కాస్త ఊగుతూ, ఎగిరితే అందేనా అన్నట్టుండే వస్తువు కంటే పిల్లికి ఆకర్షణ ఇంకేముంటుంది? దుకాణాల్లో వందల రూపాయలు పోసి కొనే పిల్లి బొమ్మల్లో ఎక్కువ భాగం కర్రకి దారం, దారానికి ఈక. ఉట్టి చేసిన పనినే అవి తలకిందులుగా చేస్తున్నాయి.

ఆ ఇంట్లో పిల్లి లోపలిదీ కాదు, బయటిదీ కాదు. అటక మీద ఈనుతుంది, పెంకుల మీద నడుస్తుంది, గాదె దగ్గర ఎలుకను పడుతుంది, గోడ దూకి పక్కింటికి పోతుంది. 'గోడ మీద పిల్లి' అని రాజకీయ నాయకుల్ని తిడతాం గానీ, గోడ మీద ఉండటం పిల్లికున్న స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛకి ఒక వెల కూడా ఉంది. వీధిలో ఎదురైతే అపశకునం. ప్రయాణానికి బయల్దేరినవాళ్ళు వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళు. ఆ శకునాల జాబితాలో పిల్లి పక్కనే నిలబడ్డది ఎవరో మనకు తెలుసు. భర్త చనిపోయిన స్త్రీ. ఎవరి అదుపులోనూ లేకుండా దారికి అడ్డం వచ్చే రెండు ప్రాణుల్ని ఒకే జాబితాలో పెట్టడం యాదృచ్ఛికమని నేననుకోను. ఇద్దరూ లోపల ఉంటే ఇబ్బంది లేదు. దారిలో కనిపిస్తేనే దోషం.

ఈ జంట మన దగ్గరే పుట్టింది కాదు. పదమూడో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో, ఏకాంతవాసానికి పూనుకున్న స్త్రీల కోసం 'ఆంక్రెన్ విస్సె' అనే నియమావళి రాశారు. ఈ స్త్రీలు చర్చి గోడకి ఆనించి కట్టిన చిన్న గదిలోకి వెళ్ళి, బతికినంత కాలం అందులోనే ఉండేవాళ్ళు. బయటి లోకం వైపు ఉన్న కిటికీకి నల్లటి తెర. ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి, ఏం కుట్టాలి అన్నిటికీ ఆ గ్రంథంలో నియమాలున్నాయి. పెంపుడు జంతువుల దగ్గరికొచ్చేసరికి ఒక్క మినహాయింపు. పిల్లిని తప్ప మరే జంతువునీ ఉంచుకోకూడదు. ఆవుంటే మేత గురించి, పశువుల కాపరి గురించి, పక్కవాడి చేలో పడితే తగాదా గురించి ఆలోచించాలి, మనసు లోకం మీదికి పోతుంది అని కారణం చెప్పారు. పిల్లికి ఆ బాధ లేదు. అంటే ఆస్తి కానిది, లెక్కలోకి రానిది కాబట్టి పిల్లిని అనుమతించారు. జీవితాంతం ఒక గదిలో ఉండిపోయిన ఆ స్త్రీ కుట్టుపని చేస్తుంటే ఒళ్ళోంచి జారిన దారపు కొస వెంట ఆ పిల్లి పడి ఉండదా? ఏ గ్రంథమూ దాన్ని రాయలేదు. కానీ దారమూ పిల్లీ ఒకే గదిలో ఉన్నాక ఏం జరుగుతుందో పిల్లిని పెంచిన వాళ్ళెవరైనా చెప్పగలరు.

మూడు వందల ఏళ్ళ తర్వాత అదే ఇంగ్లండులో, ఎసెక్స్ జిల్లాలోని హాట్‌ఫీల్డ్ పెవెరెల్ అనే ఊళ్ళో ఒక పిల్లి ఉండేది. మచ్చల తెల్లపిల్లి. ఎలిజబెత్ ఫ్రాన్సిస్ అనే ఆవిడకి పన్నెండేళ్ళ వయసులో వాళ్ళ అమ్మమ్మో నాయనమ్మో దాన్ని ఇచ్చింది. బుట్టలో పడుకోబెట్టి, రొట్టే పాలూ పెట్టి పెంచింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక కేకు తీసుకుని దాన్ని పొరుగింటి ఆగ్నెస్ వాటర్‌హౌస్‌కి ఇచ్చేసింది. ఆగ్నెస్ దాన్ని కుండలో ఉన్ని వేసి పడుకోబెట్టింది. ఆ తర్వాత పేదరికం వల్ల ఆ ఉన్ని అవసరమై తీసేసుకుంది. ఈ వివరాలన్నీ మనకెలా తెలుసు? 1566లో చెమ్స్‌ఫర్డ్ కోర్టులో వాళ్ళిద్దరి మీదా మంత్రగత్తెలని విచారణ జరిగింది కాబట్టి. ఆ పిల్లి పేరు సాతాను అనీ, రక్తపు చుక్కకి బదులుగా అది హత్యలు చేసిపెట్టేదనీ వాంగ్మూలాల్లో రాశారు. ఉన్ని తీసుకోవడానికి ఆగ్నెస్ ఆ పిల్లిని కప్పగా మార్చిందని కూడా రాశారు. అరవై దాటిన ఆగ్నెస్‌ను ఆ జులైలో ఉరితీశారు.

నేరాల వర్ణనని పక్కన పెట్టి ఆ వాంగ్మూలాన్ని మళ్ళీ చదివితే మిగిలేది ఒక బుట్ట, ఒక కుండ, కాస్త ఉన్ని, పాలల్లో తడిపిన రొట్టె. చదువురాని పేద ఆడవాళ్ళు పిల్లిని ఇంట్లో ఎలా చూసుకునేవాళ్ళో ఇంత వివరంగా మనకి చెప్పేది వాళ్ళని చంపడానికి తయారుచేసిన కాగితం. ఆ కాలపు వంటింటి సామాను మనదాకా వచ్చింది సాక్ష్యంగానే. స్త్రీల చరిత్ర రాసేవాళ్ళకి ఈ అనుభవం కొత్తది కాదు. చాలాసార్లు మన పూర్వీకురాళ్ళ గొంతు పోలీసు రికార్డులోనో, ఆస్తి తగాదాలోనో, సంస్కర్త నిందలోనో తప్ప వినపడదు.

పిల్లి మీద కోపం ఎప్పుడూ పిల్లి మీదే కాదని చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్ 1984లో వచ్చిన తన ప్రసిద్ధ గ్రంథంలో చూపించాడు. 1730ల చివర్లో పారిస్‌లో ఒక అచ్చుయంత్రశాల కార్మికులు చుట్టుపక్కల పిల్లుల్ని పట్టి, వాటికి విచారణ జరిపినట్టు నటించి చంపారు. యజమాని భార్య ముద్దుగా పెంచుకునే పిల్లినే మొదట చంపారు. వాళ్ళకి పెట్టే తిండి పిల్లి తినే దానికంటే హీనంగా ఉండేది. వాళ్ళ ఆకలి నిజం, వాళ్ళ కోపం న్యాయం. కానీ అది యజమాని గొంతు దాకా పోకుండా యజమానురాలి పిల్లి దగ్గరే తీరింది. ఆ పిల్లిని ఆమె శరీరానికీ, శీలానికీ గుర్తుగా చేసి నవ్వుకున్నారని డార్న్‌టనే రాశాడు. వర్గ కోపం ఆడదాని మీదుగా ప్రయాణించిన సందర్భాలు మన దగ్గరా తక్కువేం కాదు.

1913కి వచ్చేసరికి ప్రభుత్వమే పిల్లి అయింది. బ్రిటన్‌లో ఓటుహక్కు కోసం జైలుకెళ్ళిన స్త్రీలు నిరాహారదీక్షలు చేస్తుంటే, బలవంతంగా గొట్టాలతో తిండి పెట్టడం మీద గొడవ రేగింది. అప్పుడొక చట్టం తెచ్చారు. దీక్షలో నీరసించిన ఖైదీని వదిలేస్తారు, ఇంటిదగ్గర కోలుకున్నాక మళ్ళీ పట్టుకెళ్తారు. జనం దానికి 'పిల్లీ ఎలుకా చట్టం' అని పేరు పెట్టారు. నోట ఒక స్త్రీని కరుచుకున్న పెద్ద పిల్లి బొమ్మతో ఉద్యమకారిణులు 1914లో పోస్టరు వేశారు. మన సామెతకి అంత సరిపోయే చిత్రం నేనింకెక్కడా చూడలేదు. విచిత్రమేమంటే, ఆ ఉద్యమాన్ని ఎగతాళి చేస్తూ వచ్చిన పోస్టుకార్డుల మీద కూడా పిల్లులే. ఓటు కావాలని అరిచే పిల్లి, పొయ్యి దగ్గర కూర్చోవాల్సిన పిల్లి. ఒక పక్క స్త్రీ ఎలుక, ఇంకో పక్క స్త్రీ పిల్లి. ఏ జంతువైనా సరే, అవతలివాడి చేతిలో ఉండటమే సమానం. అమెరికాలో మాత్రం 1916లో ఆలిస్ బర్క్, నెల్ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు స్త్రీలు ఓటుహక్కు ప్రచారం కోసం కారులో దేశమంతా తిరుగుతూ ఒక నల్ల పిల్లిపిల్లని వెంట తీసుకెళ్ళారు. లోపల ఉండాల్సిన ముగ్గురూ బయటికొచ్చిన ప్రయాణం అది.

ఇరవైనాలుగు గంటలూ ఇంట్లోనే ఉండే పిల్లి మాత్రం చాలా కొత్తది. సైప్రస్ ద్వీపంలో మనిషి పక్కన పాతిపెట్టిన 9,500 ఏళ్ళ నాటి పిల్లి అస్థిపంజరం గురించి 2004లో ప్రకటించారు. అంత సుదీర్ఘమైన సహజీవనంలో పిల్లి పూర్తిగా గడప లోపలికి వచ్చింది గత డెబ్బై ఎనభై ఏళ్ళలోనే. అందుకు ఒక కారణం మట్టి. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కాసోపొలిస్ అనే చిన్న ఊళ్ళో, పొరుగింటావిడ ఒకామె ఎడ్వర్డ్ లో అనే వ్యాపారిని కాస్త ఇసుక అడిగింది. చలికి ఆమె ఇసుక గడ్డకట్టింది. పిల్లి పెట్టెలో బూడిద వేస్తే అది ఇల్లంతా నల్లటి అడుగులు వేస్తోంది. అతను తన దగ్గరున్న, నూనె మరకల్ని పీల్చే మట్టిని ఇచ్చాడు. అది బాగా పనిచేసిందని ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగింది. అతను దాన్ని అయిదు పౌన్ల సంచుల్లో నింపి 65 సెంట్లకి అమ్మడం మొదలుపెట్టాడు. పెద్ద పరిశ్రమ అయింది. ఆ మట్టి మనకి తెలియనిదేం కాదు, ముల్తానీ మట్టి జాతిదే. మనం ముఖానికి రాసుకునేది.

ఈ కథని వ్యాపార విజయగాథగా చెబుతారు. సమస్యని గుర్తించిందీ, ప్రయోగం చేసిందీ, ఫలితం బాగుందని చెప్పిందీ ఆ పొరుగింటావిడే. ఇంట్లో మూత్రపు వాసన, నల్ల అడుగుల మరకలు ఎవరు తుడవాలో ఎవరికి తెలుసు? తుడిచేవాళ్ళకే. ఇంటి పనిలోంచి పుట్టిన జ్ఞానం సంచిలోకెక్కి, పేరు తగిలించుకుని, మళ్ళీ ఆ ఇంటికే డబ్బుకి తిరిగొచ్చింది. 1995లో ఇంకో అడుగు ముందుకేశారు. లేజరు వెలుగు చుక్కని గోడ మీదా నేల మీదా కదిలిస్తూ పిల్లిని పరిగెత్తించే 'పద్ధతి'కి అమెరికాలో పేటెంటు ఇచ్చారు. దాని సంఖ్య 5,443,036. అద్దం ముక్కతో ఎండని గోడ మీద ఆడించి పిల్లినీ పిల్లల్నీ నవ్వించిన మన అమ్మమ్మలకి ఈ సంగతి చెబితే ఏమంటారో!

నా పిల్లి పేరు గోగు. మా అపార్టుమెంటు సెల్లార్లో పుట్టిన నాలుగు పిల్లల్లో మిగిలింది ఇదొక్కటే. మిగతా వాటిని కార్లూ కుక్కలూ మింగేశాయి. అందుకే దాన్ని బయటికి వదలను. మా అంతస్తులో పనిచేసే ఆవిడ మొదటిసారి చూసినప్పుడు, "గదేంది మేడం, పిల్లిని గిట్ల లోపట్నే వెడ్తరా? దానికి పొద్దెట్ల వోతది?" అని అడిగింది. నేను చదివిన సిద్ధాంత గ్రంథాలన్నిటికంటే సూటిగా ఉందా ప్రశ్న. 'భద్రత కోసం లోపల ఉంచుతున్నాను' అని జవాబు చెబుతుంటే ఆ వాక్యం ఎక్కడ విన్నానో నాకే గుర్తొచ్చింది. మన ముత్తవ్వల్ని గోషాలో పెట్టినప్పుడూ, హాస్టలు గేటుకి సాయంత్రం ఆరున్నరకి తాళం వేసినప్పుడూ విన్న వాక్యమే అది.

పొద్దు పోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదని మాత్రం తొందరగానే తెలిసింది. చిత్తుప్రతి కాగితాన్ని ఉండ చేసి విసిరితే చాలు. నా సిద్ధాంత వ్యాసం చిత్తుప్రతులకి దొరికిన అతి శ్రద్ధగల పాఠకురాలు గోగే. పుస్తకాలొచ్చిన అట్టపెట్టెకి రెండు వైపులా కన్నాలు చేస్తే అది కోట. గోనెసంచిని కుర్చీ కాలికి చుట్టి పురికొసతో గట్టిగా బిగిస్తే గోళ్ళు గీరుకోవడానికి పనికొస్తుంది. చీపురుపుల్లని పాత దుప్పటి కింద మెల్లగా కదిలిస్తే అది పాము. పిల్లి వైపుకి తీసుకురాకూడదు, దూరంగా పారిపోయేలా కదపాలి. ఏ ఎలుకా పిల్లి నోట్లోకి నడిచి రాదు కదా! ఖాళీ నీళ్ళసీసాకి చిన్న కన్నాలు పెట్టి, నాలుగు గింజల తిండి వేసి దొర్లిస్తే అరగంట పని. గుంత పొంగనాల పెనంలో గుంటకొక గింజ వేసి, పైన కాగితపు ఉండలు పెడితే ఒక్కోదాన్నీ పంజాతో తీసి తింటుంది.

పెరట్లో మొలిచే కుప్పింటాకు కూడా దీనికి సరదా. వేరుతో పీకి పెడితే మొహం రుద్దుకుంటూ దొర్లుతుంది. తమిళంలో ఆ మొక్కకి పూనైవణంగి అని పేరుంది, పిల్లి మొక్కేది అని అర్థం. పాశ్చాత్య దేశాల్లో పిల్లులకిచ్చే క్యాట్‌నిప్‌లో మత్తెక్కించే పదార్థం నెపెటలాక్టోన్ అని 1941లో గుర్తించారు. కుప్పింటాకు వేరులో దానికి దగ్గరి చుట్టాలు ఉన్నట్టు ఇటీవలి పరిశోధనల్లో తేలింది. ఆ పేరు పెట్టిన వాళ్ళు పెరడు ఊడ్చేటప్పుడు పిల్లిని గమనించినవాళ్ళే అయ్యుంటారు.

ఆడవాళ్ళ చేతి సామానే పిల్లికి ప్రమాదం కూడా. దారం, సూదిలో ఎక్కించిన దారం, రబ్బరు బ్యాండు, జడకి పెట్టుకునే ఎలాస్టిక్ మింగితే పేగుల్ని ముడత పెట్టేస్తాయి. ఆపరేషను దాకా పోవచ్చు, చావొచ్చు కూడా. ఉన్ని ఉండతో ఆడుకునే పిల్లి బొమ్మ క్యాలెండర్ల మీద ఎంత ముద్దుగా ఉన్నా, ఆట అవగానే దారం డబ్బాలో పెట్టి మూత వేయాల్సిందే.

ఈ ఆట వెనక శాస్త్రం ఉంది, అందులో స్త్రీల కృషి ఉంది. సారా హాల్, జాన్ బ్రాడ్‌షా కలిసి 1998లో, 2002లో చేసిన అధ్యయనాల్లో రెండు విషయాలు తేలాయి. ఆకలిగా ఉన్నప్పుడు పిల్లి ఆట ఉధృతమవుతుంది, అంటే ఆట వేటకి దూరం కాదు. అదే బొమ్మని వరసగా ఇస్తే ఆసక్తి పోతుంది, కాస్త మార్చి ఇస్తే ఆట తిరిగి పుంజుకుంటుంది. విసుగొచ్చేది ఆట మీద కాదు, ఆ బొమ్మ మీద. అందుకే ఖరీదైన ఒక్క బొమ్మ కంటే రోజుకొకటిగా మారే పది చిల్లర వస్తువులు మేలు. 2014లో నెదర్లాండ్స్‌లో క్లాడియా వింకె బృందం ఆశ్రయకేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్ని గమనించింది. దాక్కోవడానికి పెట్టె దొరికినవి తక్కిన వాటికంటే త్వరగా కుదుటపడ్డాయి. పరాయిచోట మొదట కావాల్సింది ఎవరూ చూడని ఒక మూల. ఇది చదివినప్పుడు కొత్తకోడలిగా అత్తింట్లో అడుగుపెట్టిన నా స్నేహితురాళ్ళు చాలామంది గుర్తొచ్చారు. తలుపేసుకుంటే తప్పు, తలుపు తీసి ఉంచితే నిద్ర లేదు.

పొంగనాల పెనం కంటే ముందు మా ఇంట్లో ఇంకొకటి ఉంది. అమ్మమ్మ వామనగుంటల పీట. చేప ఆకారంలో మడతపడే చెక్క, తెరిస్తే వరసకి ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. అమ్మమ్మని ఆరో తరగతిలో పెద్దమనిషి అయిందని బడి మాన్పించారు. పెళ్ళయ్యే వరకు మూడేళ్ళు గడప దాటనివ్వలేదు. ఆ మూడేళ్ళూ ఏం చేశావని నేను పీహెచ్‌డీ రోజుల్లో అడిగాను. "ఏం చేస్తాం, మా మేనత్తా నేనూ వామనగుంటలాడేవాళ్ళం" అంది. పొద్దుపోక ఆడేవాళ్ళా అన్నాను. "పొద్దుపోకేం కాదే, లెక్కలు మర్చిపోతానేమోనని ఆడేదాన్ని" అంది.

ఆ జవాబు విన్నాక నాకు మన లోపలి ఆటలన్నీ వేరేగా కనిపించాయి. వామనగుంటలు, అష్టాచెమ్మా, అచ్చనగాయలు, దాడి, పులిమేక. వాటికి కావాల్సిందేమిటి? చింతగింజలు, నాలుగు గవ్వలు, ఐదు రాళ్ళు, నేల మీద గీయడానికి బొగ్గో సుద్దముక్కో. చింతగింజని బండ మీద ఒకవైపు అరగదీసి తెల్లగా చేస్తే పాచిక తయారు. డబ్బు చేతిలో లేనివాళ్ళు, బజారుకి వెళ్ళలేనివాళ్ళు ఇంట్లో దొరికే వాటితో కట్టుకున్న ఆటలివి. వాటిలో గణితం ఉంది, ముందుచూపు ఉంది, అవతలి కాయని చంపి లోపలి గడిలోకి వెళ్ళే యుద్ధనీతి ఉంది. మన సాహిత్య చరిత్ర వీటిని 'వినోదాలు' అనే శీర్షిక కింద రెండు పేరాల్లో ముగిస్తుంది. పొద్దుపోని ఆడవాళ్ళ కాలక్షేపం అంటుంది. మా అమ్మమ్మకి అది దొంగచాటు బడి.

అమ్మమ్మ తెలివిని మెచ్చుకుంటూ కూర్చుంటే మాత్రం ఆమెని లోపల పెట్టినవాళ్ళకి మనమే మంచిపేరు ఇచ్చినట్టవుతుంది. 'మా ఆడపిల్లలకి ఇంట్లో ఏం తక్కువ, హాయిగా ఆడుకుంటున్నారు' అన్నవాళ్ళూ ఉన్నారు. ఆటబొమ్మ తాళానికి బదులు కాదు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' చదివినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కుండీలో మొక్కకి రోజూ ప్రేమగానే నీళ్ళు పోస్తారు.

స్త్రీల గురించి మాట్లాడుతూ మళ్ళీ జంతువుతో పోలికా అని మీలో కొందరికి కోపం రావచ్చు. ఆ కోపం సరైనదే. నేను పోలుస్తున్నది స్త్రీనీ పిల్లినీ కాదు. తలుపు వేసేవాళ్ళు చెప్పే కారణాలని పోలుస్తున్నాను. అందులో తేడాలు కూడా చూడాలి. 2013లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అమెరికాలో పిల్లులు, ముఖ్యంగా వీధి పిల్లులు, ఏటా వంద కోట్లకి పైగా పక్షుల్ని చంపుతున్నాయి. పిల్లిని లోపల ఉంచడం పిట్టల ప్రాణానికి సంబంధించింది కూడా. ఆడపిల్లని లోపల పెట్టింది ఎవరి ప్రాణం కాపాడటానికి? ఆమె వల్ల ఎవరికీ ముప్పు లేదు. ముప్పు బయటున్నవాళ్ళది. శిక్ష ఆమెకి. కార్లనీ కుక్కల్నీ నేను అదుపు చేయలేను కాబట్టి పిల్లిని లోపల ఉంచుతున్నాను. మగవాళ్ళని అదుపు చేయడం మాత్రం సమాజానికి చేతకాని పని కాదు, ఇష్టం లేని పని.

2013లోనే అమెరికన్, అంతర్జాతీయ పిల్లి వైద్యుల సంఘాలు కలిసి లోపలి పిల్లికి అవసరమైనవి ఐదని మార్గదర్శకాలు రాశాయి. భద్రంగా దాక్కునే చోటు. తిండి, నీళ్ళు, పడక లాంటివి ఒకచోటే కాకుండా వేరువేరు చోట్ల. ఆటకీ వేటకీ అవకాశం. మనుషులతో నిలకడైన, నమ్మదగ్గ స్నేహం, అదీ పిల్లి కోరుకున్నంత మేరకే. చివరిది, దాని వాసనల ప్రపంచానికి గౌరవం. నేనా జాబితాని రెండుసార్లు చదివాను. రెండోసారి పిల్లి అనే మాట ఉన్నచోట మా అమ్మమ్మని పెట్టి చదివాను. ఐదింటిలో ఆమెకి దొరికింది మూడోది ఒక్కటే, అదీ ఆమే చింతగింజలతో తయారుచేసుకుంది. దాక్కునే చోటు లేదు. తనదంటూ వేరే కంచం తప్ప ఏమీ లేదు. ఎవరు దగ్గరికి రావాలో, ఎప్పుడు రావాలో చెప్పే అధికారం పెళ్ళయ్యాకా లేదు. 1929లో వర్జీనియా వూల్ఫ్ స్త్రీకి తనదైన గది కావాలని రాసిన పుస్తకంలో తోకలేని పిల్లి ఒకటి పచ్చిక మీద నడుస్తూ కనిపిస్తుంది. గది అందరికీ ఉంటుంది. గడియ ఏ వైపున్నదనేదే తేడా.

ఇప్పుడు ఆ పీట మీద మధ్యాహ్నం పూట గోగు ఆడుతుంది. పద్నాలుగు గుంటల్లో ఐదారింటిలోనే గింజలు వేస్తాను, రోజూ గుంటలు మారుస్తాను. అది నిన్న దొరికిన చోట ముందు చూస్తుంది, లేకపోతే పక్క గుంటకి పోతుంది. దాని పడక ఎత్తైన అల్మారా మీద. అక్కడున్నప్పుడు దాన్ని ఎవరూ ఎత్తుకోకూడదని ఇంటికొచ్చిన పిల్లలకి కూడా చెబుతాను. బాల్కనీకి వల కట్టించాను, పిట్టలు బయట, అది లోపల, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. పనావిడ ఇప్పుడు వచ్చినప్పుడల్లా, "ఇయ్యాల ఎన్ని దొర్కినయే నీకు?" అని దాన్ని అడుగుతుంది. ఆవిడ కూతురికి పదమూడేళ్ళు. ఈ ఏడాది ఎనిమిదో తరగతి. బడి దూరమని మాన్పించాలని ఇంట్లో అంటున్నారట. ఆ అమ్మాయి సైకిలు సంగతి మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం.